కథ పట్టుకెళ్తున్నారు, మాటలు మా దగ్గరే వదిలేస్తున్నారు

తెలుగు సినిమా నిర్మాతలకు, దర్శకులకు, కథా చర్చల్లో కూర్చునే రచయితలకు...

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను నటుణ్ణి కాను. 1978 నుంచి 2006 దాకా నాటకాలకు ప్రాంప్టింగ్ చెప్పినవాణ్ణి, అంటే నటుడు మరిచిపోయిన మాట పక్కనుంచి అందించేవాణ్ణి. పగలు గుమాస్తా ఉద్యోగం. రాత్రిళ్లు సైడు వింగులో ముక్కాలిపీట మీద, ఒళ్లో నాటకం ప్రతి, చేతిలో టార్చిలైటు. ముందు కూర్చున్న జనానికి నా మొహం తెలియదు, గొంతు అసలే తెలియకూడదు. నా గొంతు మూడో వరసకి వినపడిందంటే ఆ రాత్రి నాటకం చెడినట్టే.

పోయిన ఏడాది ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. ఒక సినిమా ఆఫీసులో కథల విభాగంలో పనిచేస్తున్నాడట. ఏ ఆఫీసో ఇక్కడ రాయను. ‘కన్యాశుల్కం’ ఈ కాలానికి తగ్గట్టు తీద్దామనుకుంటున్నారట, పాత నాటకాలవాళ్లని కలిసి రమ్మని పంపారట. చాలా సంతోషించాను. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. ఫోను రికార్డింగులో పెట్టి బల్ల మీద ఉంచి, “సార్, వన్ లైన్ చెప్పండి” అన్నాడు.

విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన నాటకం. 1897లో అచ్చయింది. అయినా గురజాడవారికి తృప్తి లేదు, 1909లో దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. ఏడంకాలు. ఉన్నదున్నట్టు ఆడితే తెల్లారిపోతుంది. దీనికి వన్ లైనా? సరే, అడిగాడు కదా అని చెప్పాను: “ఒక ముసలాయన డబ్బు పోసి చిన్నపిల్లని పెళ్లాడబోతే, ఆడవేషం వేసిన కుర్రాణ్ణి అంటగట్టి పరువు తీస్తారు.” రాసుకున్నాడు. రాసుకున్నది నాకు చూపించాడు కూడా. చూసి నాకే సిగ్గేసింది. అందులో మాటలతో మోసం చేసే గిరీశం లేడు, వేశ్య మధురవాణి లేదు, బాలవితంతువు బుచ్చమ్మ లేదు, సారా దుకాణం దగ్గర వేదాంతం చెప్పే బైరాగి లేడు. మిగిలిందల్లా పెళ్లిళ్ల సీజన్లో వచ్చి పోయే ఏ కామెడీ సినిమాకైనా సరిపోయే ముక్క.

తర్వాత, “గిరీశం హీరోనా సార్, విలనా?” అన్నాడు. రెండూ కాదు బాబూ, మీ ఆఫీసులో కనీసం ఇద్దరుంటారు చూడు అన్నాను. నవ్వాడు. తెలివైనవాడే. గిరీశాన్ని సోషల్ మీడియాలో జ్ఞానబోధ చేసే ఇన్‌ఫ్లుయెన్సర్‌గా పెడితే ఎలా ఉంటుంది అని తనే అడిగాడు. నేను కోప్పడతానని భయపడ్డట్టున్నాడు. కోపమెందుకు, భేషుగ్గా ఉంటుంది! ‘నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్’ అన్నవాడు ఇవాళ పుడితే చేసేది ఆ పనే. వెంకటేశంలాంటి శిష్యులు లక్షల్లో ఉంటారు, చదువు చెప్పమంటే చుట్ట కాల్చడం నేర్పుతాడు.

రెండు నెలలకి కొన్ని పేజీలు పంపాడు, చూసి చెప్పమని. గిరీశం ఫోనూ ఉంది, కారూ ఉంది, డ్రోన్ షాటూ ఉంది. గిరీశం మాత్రం లేడు. బుచ్చమ్మతో అతను మాట్లాడే మాటలు ఏ సినిమాలో ఏ హీరో ఏ హీరోయిన్‌తోనైనా అనొచ్చు. ‘నీ లైఫ్ మార్చేస్తా బుచ్చీ, నన్ను నమ్ము’. గిరీశం ఇలా సూటిగా మాట్లాడితే బుచ్చమ్మ లోపలికి పోయి తలుపేసుకునేది. ఇంగ్లీషు ముక్క ఒకటి, శాస్త్రం ముక్క ఒకటి, పక్కనున్న పిల్లాడికి పాఠం చెబుతున్నట్టు నటిస్తూ గోడవతలున్న ఆ అమ్మాయికి వినపడేట్టు చెప్పే గొప్పలు... వాడి మోసమంతా ఆ మాట తీరులోనే ఉంది. అది తీసేశాక ఇక గిరీశం పేరెందుకు? సురేష్ అని పెట్టుకోండి.

అయ్యా, నా గోడు ఇదొక్కటే. మీరు నాటకం దగ్గరికొచ్చి కథ పట్టుకెళ్తున్నారు. మా దగ్గర కథలు అంత గొప్పవేం కావు. చాలావరకు పురాణాల్లో ఉన్నవే, లేదా ఎదురింట్లో జరిగినవే. మా దగ్గరున్నది మాట. ‘తాంబూలాలిచ్చేశాను, ఇహ తన్నుకు చావండి’ అనే మాట మా వీధిలో కూరగాయల బండివాడూ వాడతాడు. అది నాటకంలో బుచ్చమ్మ తండ్రి అగ్నిహోత్రావధాన్లు అన్న మాటని అతనికి తెలియదు, అగ్నిహోత్రావధాన్లెవరో అంతకన్నా తెలియదు. ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ కూడా అంతే. నూరేళ్లు దాటినా జనం నోట్లో నలుగుతున్న సరుకు అది.

నా నాటకం ప్రతి గురించి చెబుతాను. అట్ట ఊడిపోతే గోనెసంచి కుట్టే దారంతో కుట్టాను. కొన్ని పేజీల మీద నటుల రంగు మరకలున్నాయి. మార్జిన్లలో పెన్సిలు గుర్తులు: చప్పట్లు పడేచోట సున్నా, నవ్వేచోట ఇంటూ, వన్స్‌మోర్ పడే పద్యం పక్కన నిలువు గీత. ఎవరూ పెట్టమనలేదు, కూర్చుని కూర్చుని అలవాటైంది. నటుడు ఎక్కడ ఆగాలో, నేను ఎక్కడ తొందరపడి మాట అందించకూడదో తెలుస్తుందని. ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు పిసినారితనం పక్కన ఇంటూలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చిన్నపిల్ల సుబ్బి పెళ్లి బేరం మాటల దగ్గర మాత్రం మార్చాల్సి వచ్చింది. మొదట్లో అక్కడ హాలంతా నవ్వేది. తొంభైల తర్వాత నవ్వు తగ్గింది. కొన్ని ఊళ్లలో ఆ చోట ఎవరో దగ్గిన చప్పుడు కూడా వినపడేది కాదు. ఇంటూ కొట్టేశాను. దాని బదులు ఏ గుర్తు పెట్టాలో తెలియక ఖాళీగా వదిలేశాను. మేం ఒక్క అక్షరం మార్చలేదు, నటులు అదే తీరులో చెప్పారు. జనం మారారు.

కన్యాశుల్కం సమస్య ఇప్పుడు లేదు కదా, అవుట్‌డేటెడ్ కదా అన్నారట మీలో ఒకరు. గురజాడవారు మొదటి కూర్పుకి రాసిన ఇంగ్లీషు ముందుమాట ఒకసారి చూడండి. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పోసి పిల్లని కొనుక్కున్న శుల్కపు పెళ్లిళ్ల లెక్క తీయిస్తే 1034 తేలాయట. ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు, ఆ ముగ్గురికీ ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. ఇంత లెక్క ముందు పెట్టుకున్న మనిషి ఏడుపు నాటకం రాయలేదు, నవ్వించాడు. సమస్య పాతబడొచ్చు. ఆ లెక్క చదివి అలా నవ్వించగలిగిన చెయ్యి మీ కథా చర్చల్లో ఎవరికన్నా ఉంటే చూపించండి, వచ్చి దండం పెడతాను.

అసలు సినిమా మా పెరట్లోంచే పోయింది. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి నాటకమే. లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయి. అప్పట్లో స్టేజీ మీద ఎలా ఆడారో అలాగే కెమెరా ముందు ఆడారు. అదేం సినిమా, నాటకాన్ని ఫొటో తీయడమే కదా అంటారు. నిజమే, అది నేనూ కోరను. తెర మీద మళ్లీ తెర దించమని అడిగేంత చాదస్తం నాకు లేదు.

1955లో పి. పుల్లయ్యగారు తీసిన ‘కన్యాశుల్కం’ మీద నాటకాలవాళ్లం ఇప్పటికీ పోట్లాడుకుంటాం. రామారావుగారు గిరీశమేమిటి అని ముక్కు విరిచేవాళ్లున్నారు. నా మటుకు నాకు సావిత్రి మధురవాణి చాలు. పంతులుగారికి తాంబూలం అందిస్తూనే ఆయన్ని తూకం వేసే ఆ చూపు స్టేజీ మీద నాలుగో వరస దాటి కనపడదు. కెమెరా చేయగలిగిన పని అది. మాట నాటకంలోది, చూపు సినిమాది. జోడీ అలా కుదరాలి. ఇప్పుడు మీరు తీస్తే మధురవాణిని ‘స్ట్రాంగ్ విమెన్’ చేస్తామని ఇంటర్వ్యూలో చెబుతారేమో, దయచేసి వద్దు. రామప్పపంతులు దగ్గర్నుంచి సౌజన్యారావు పంతులు దాకా అందరినీ తన నాలుక మీద ఆడించిన మనిషి. ఆవిడకి కొత్తగా మీరిచ్చే బలమేముంది?

అన్నీ చెడగొట్టారని కాదు. గొల్లపూడి మారుతీరావుగారి ‘కళ్లు’ నాటకాన్ని 1988లో ఎం.వి. రఘుగారు సినిమా తీశారు. గుడ్డి బిచ్చగాళ్ల కథ. పెద్ద హీరో లేడు, ఫారిన్ పాట లేదు. స్టేజీ మీద ఒక అరుగు, ఒక చెట్టు బొమ్మతో నడిచిపోయే నాటకానికి విశాఖపట్నం వీధులు తోడయ్యాయి. అందులో సీతారామశాస్త్రిగారు తనే రాసి తనే పాడిన ‘తెల్లారింది లెగండో’ వినండి. ‘లేవండి’ అని రాస్తే ఆ పాట ఒక్క గజం కదలదు. ‘లెగండో’ అన్నారు చూశారా, అక్కడుంది కిటుకంతా.

మన పొరుగువాళ్లు షేక్స్‌పియర్‌ని ఎత్తుకెళ్లారు కదా, వాళ్లు మాటలు వదిలేసి కథే తీసుకోలేదా అంటారు. ఆ కుర్రాడూ అదే అడిగాడు. హిందీలో ‘ఓంకార’, ‘హైదర్’ అన్నాడు, మలయాళంలో ‘జోజి’ అన్నాడు. చూశాను. మా మనవరాలు పెట్టి చూపించింది. ‘ఓంకార’లో పడమటి ఉత్తరప్రదేశ్ యాస సినిమా ఆసాంతం మనిషిని కొట్టినట్టు వినపడుతుంది. నాకు సగం అర్థం కాలేదు, ఆ సగమూ బాగుంది. ‘జోజి’ ఇంకోరకం. మేక్‌బెత్ పేజీలకి పేజీలు మాట్లాడతాడు, ఈ జోజి పెదవి విప్పడు. తండ్రికి భయపడే ఇంట్లో పిల్లలు ఎలా మాట్లాడరో, ఆ మాట్లాడకపోవడాన్నే రాసుకున్నారు. ఎవరూ ఖాళీగా కథ పట్టుకుపోలేదు. పోయిన మాటకి బదులు తమ నేల మీది మాటో, మౌనమో వెతికి తెచ్చి పెట్టారు. తెలుగు నాటకానికి మీకు ఆ వెతుకులాట కూడా అక్కర్లేదు, మాటలు తెలుగులోనే ఉన్నాయి!

కాళిదాసు శాకుంతలాన్ని 2023లో త్రీడీలో తీశారు. సెట్లు బాగున్నాయి, నగలు బాగున్నాయి. ఉంగరం దొరికిన జాలరి సీను నాటకంలో ఎలా ఉంటుందో తెలుసా? దొంగ అని కట్టి కొట్టుకుంటూ తీసుకెళ్తారు భటులు. వాణ్ణి చంపేముందు మెడలో పూలమాల వేయడానికి చేతులు దురద పెడుతున్నాయంటాడు ఒకడు. రాజు బహుమతి ఇచ్చి వదిలేయమనేసరికి అదే భటులు వాడి డబ్బు వైపు గుటకలు మింగుతారు. సగం ఇచ్చేస్తాడు జాలరి. అంతే, ప్రాణస్నేహితులైపోయి అందరూ కలిసి కల్లు దుకాణానికి పోతారు. ఎన్ని వందల ఏళ్ల కిందటి సీనో ఇది! ఏ పోలీస్ స్టేషన్ ముందైనా కెమెరా పెట్టి ఇవాళ తీయొచ్చు, ఒక్క గ్రాఫిక్స్ షాటు లేకుండా.

అదే ఏడాది ‘రంగమార్తాండ’ వచ్చింది. థియేటర్లో ఏడ్చాను, దాచడమెందుకు. బ్రహ్మానందంగారిని అలా చూస్తామని ఎవరనుకున్నారు? బయటికొచ్చి టీ తాగుతుంటే మాత్రం ఒక ముల్లు గుచ్చుకుంది. అది శిర్వాడ్కర్‌గారు 1970లో మరాఠీలో రాసిన ‘నటసమ్రాట్’ నాటకం. మరాఠీవాళ్లు సినిమా తీస్తే, మనం ఆ సినిమాని తెచ్చుకున్నాం. వాళ్లకి తమ నాటకం మీద ఉన్న ప్రేమ అది, తప్పు పట్టేదేం లేదు. మరి స్టేజీ మీద పద్యం పాడి పాడి గొంతు పోగొట్టుకున్న మన నటుడి కథ చెప్పడానికి మనకి పూనా దాకా పోవాల్సి వచ్చిందేం?

పద్యమంటే గుర్తొచ్చింది. చీరాల అవతల ఒక ఊళ్లో ‘హరిశ్చంద్ర’, కాటిసీను. బలిజేపల్లివారి నాటకమే కానీ, కాటిసీను వచ్చేసరికి జాషువాగారి ‘శ్మశానవాటి’ పద్యాలు పడాల్సిందే. అవి నాటకంలో రాసినవి కావు, నటులు తెచ్చి కలిపినవి, జనం ఇక కదలనివ్వనివి. ఆ రాత్రి మా హరిశ్చంద్రుడికి జ్వరం. కర్ర భుజాన వేసుకుని ముందుకొచ్చాడు, పద్యం ఎత్తుగడ రాలేదు. నా టార్చిలైటు బ్యాటరీ అప్పుడే చచ్చింది. నాకు నోటికొచ్చిన పద్యమే, అయినా ఆ కంగారులో గొంతు పెగల్లేదు. హార్మోనియం ఆయన శ్రుతి పట్టుకుని అలా సాగదీస్తున్నాడు. ముందు చాప మీద కూర్చున్న ఒక ముసలావిడ, ఒళ్లో మనవడు నిద్రపోతున్నాడు, మెల్లగా “ఇచ్చోటనే...” అంది. ఆయన అందుకున్నాడు. పద్యం అయ్యాక వన్స్‌మోర్. రెండోసారీ అయ్యాక ఆయన కర్ర దించి, ముసలావిడ వైపు తిరిగి దండం పెట్టి, మళ్లీ కర్ర ఎత్తుకున్నాడు. ఆవిడకి చదువు రాదని తర్వాత తెలిసింది.

పద్యం ఈ తరానికి ఎక్కదని మీరు నిర్ణయించేసే ముందు ఈ సంగతి చెప్పాలనిపించింది.

ఏం తీయమంటారు మరి అంటే, ముందు ‘వరవిక్రయం’ తీయండి. కాళ్లకూరి నారాయణరావుగారిది. 1939లో సి. పుల్లయ్యగారు తీశారు, భానుమతిగారి మొదటి సినిమా అదే. కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముకోవడం చూడలేక పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల ఏడవదు. వరుణ్ణి డబ్బిచ్చి కొన్నాం కాబట్టి కొన్న సరుకు మాది అని వాదిస్తుంది. దీనికి మీరు కొత్తగా కలపాల్సిందేం ఉంది? వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఇప్పటికీ దేశంలో ఏటా ఆరు వేల పైచిలుకు వరకట్న చావులు పోలీసు లెక్కల్లోకే ఎక్కుతున్నాయి. పెళ్లికొడుకుని అమెరికాలో ఉద్యోగంలో పెట్టండి, ధర పెంచండి, పెళ్లికొడుకు తండ్రి సింగరాజు లింగరాజు మాటలు మాత్రం ముట్టుకోకండి. పిసినారి నోట్లోంచి రూపాయి ఊడిపడేటప్పుడు వచ్చే ఆ ముక్కుళ్లూ మూలుగులూ ఇంకొకరు రాయలేరు.

అదే కవిగారి ‘చింతామణి’ ఉంది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శన నిషేధించింది, సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందని. ఇందులో మా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. కాంట్రాక్టు నాటకాల్లో ఆ పాత్రకి ఎవరికి తోచిన బూతు వాళ్లు కలుపుకుంటూ పోయారు. నా ప్రతిలో లేని మాటలు స్టేజీ మీద వినపడితే నేను పుస్తకం మూసేసి కూర్చున్న రాత్రులున్నాయి. కాళ్లకూరివారు రాసింది సానికొంపల వెంట పడి ఇల్లు గుల్ల చేసుకునేవాళ్ల మీద. అచ్చుప్రతి తీసి చదివి, ఆ మురికి కడిగి, నొప్పిపడ్డవాళ్లతో కూర్చుని మాట్లాడి ఎవరైనా తీస్తే, నాటకానికీ మర్యాద నిలబడుతుంది. ధైర్యం కావాలి. మీ బడ్జెట్లలో దానికి కాలమ్ ఉందో లేదో.

హక్కుల బాధ కూడా లేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకి రచన అందరిదీ. గురజాడ 1915లో పోయారు, కాళ్లకూరి 1927లో, బలిజేపల్లి 1953లో. పైసా ఇవ్వక్కర్లేదు. కానీ ఫ్రీగా వచ్చింది కదా అని పేరు కూడా ఎగ్గొట్టకండి. ‘కథ’ అని మీ పేరు వేసుకుని, చివర్లో చీమంత అక్షరాలతో ‘ఒక పాత నాటకం స్ఫూర్తితో’ అని వేయకండి. ఆ మిగిలిన డబ్బుతో ఒక పని చేయండి. స్క్రిప్టు మొదలుపెట్టే ముందు నలుగురు పాత నటుల్ని, ఒక హార్మోనియం పెట్టెని ఒక గదిలో కూర్చోబెట్టి నాటకం మొత్తం పైకి చదివించుకోండి. కళ్లతో చదవొద్దు, చెవులతో వినండి. విజయనగరం మాట విజయనగరం వాళ్ల చేతే చెప్పించండి, దాన్ని గోదావరి యాసలోకి దించి అన్నీ ఒకటే అనకండి. వాళ్లకి కారు పంపండి, భోజనం పెట్టండి, రోజుకింతని చేతిలో పెట్టండి. ‘గెస్ట్ రోల్ ఇస్తాం సార్’ అని ఊరించకండి, అది చాలాసార్లు విన్నాం.

ఆ కుర్రాడికి పేజీల మీద నా అభిప్రాయం రాసి పంపాను. జవాబు రాలేదు. అతని తప్పు కాకపోవచ్చు, ఉద్యోగం మారాడేమో.

నా ప్రతి జిరాక్సు తీసుకుంటామంటే అభ్యంతరం లేదు. పెన్సిలు గుర్తులు పడేట్టు తీయించండి, లేకపోతే దండగ. అసలు ప్రతి ఇల్లు దాటనివ్వను. మధ్యాహ్నం పూట పడుకుంటాను, నాలుగు దాటాక ఎప్పుడైనా రండి. సుబ్బి పేజీ దగ్గర ఖాళీగా వదిలిన చోటు నేనే చూపిస్తాను.

ఇట్లు,
సైడు వింగులోంచి,
ఒక పాత ప్రాంప్టరు